మూడు రంగుల గుంజలు, కొన్ని చింతపిక్కలు: గోల్ఫ్ రూల్స్ నేర్చుకుని గుర్తుపెట్టుకునే పద్ధతి

విశాఖలో ఉండే మా బావ నన్ను మొదటిసారి గోల్ఫ్‌కి తీసుకెళ్ళిన రోజు, మూడో హోల్ దగ్గర నా బంతి ఎర్ర గుంజలు దాటి కాలవ గట్టు మీద ఆగింది. నేను దాన్ని చేత్తో తీసి, పది అడుగుల ఇవతల గడ్డి బాగున్న చోట పెట్టుకుని కొట్టాను. అప్పుడెవరూ ఏమీ అనలేదు. ఆట అయిపోయి టీ తాగుతుండగా బావ నా స్కోర్‌కార్డు తీసి చూసి, "ఏమోయ్, ఇక్కడ మూడు దెబ్బలు కలపాలి" అన్నాడు. గోల్ఫ్‌లో హోల్ అనే గుంతలోకి బంతిని ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత మేలు. బయటికి తీసినందుకు ఒకటి, పెట్టకూడని చోట పెట్టి కొట్టినందుకు రెండు. "అసలు తియ్యకుండా అక్కడే కొట్టుంటే?" అన్నాను. "ఏమీ లేదు, సున్నా."

నాకు మూడు దెబ్బలు పోయినందుకు కాదు, సున్నాతో పోయేదానికి మూడు కట్టినందుకు బాధేసింది. ఆ రాత్రి రైల్లో, విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం దాటి రాయగడ వచ్చేదాకా రూల్స్ పుస్తకం తిరగేశాను. ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుకునే మనిషిని. లాయర్ నోటీసులాంటి ఇంగ్లీషు చదివి, దాన్ని గడ్డి మీద నిలబడి గుర్తు తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. తర్వాత ఏడాదిన్నర పట్టింది నాకంటూ ఒక పద్ధతి కుదరడానికి. గోల్ఫ్ కోర్స్ దగ్గర్లో లేకపోయినా, పెరడు ఉంటే చాలు, ఈ పద్ధతి నడుస్తుంది.

ముందుగా: ఏ పుస్తకం, ఏ సంవత్సరం

గోల్ఫ్ రూల్స్‌ని ప్రపంచమంతటికీ రెండు సంస్థలు కలిసి రాస్తాయి. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్న ఆర్ అండ్ ఏ ఒకటి, అమెరికాలో యూఎస్‌జీఏ రెండోది. మన దేశంలో ఇండియన్ గోల్ఫ్ యూనియన్ వాటినే పాటిస్తుంది. 2019లో రూల్స్‌ని బాగా విప్పి మళ్ళీ కట్టారు. అంతకు ముందు 34 రూల్స్ ఉండేవి, 24కి తగ్గించారు. 2023లో వైకల్యం ఉన్న ఆటగాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒకటి చేర్చి 25 చేశారు. ఆర్ అండ్ ఏ వాళ్ళ ఫోన్ యాప్ ఉచితం. అందులో పూర్తి పుస్తకంతో పాటు ఆటగాళ్ళ కోసం కుదించిన ప్రతి ఉంటుంది, దానితో మొదలుపెట్టండి.

సంవత్సరం ఎందుకు చూడమంటున్నానంటే, కోర్స్‌లో మీకు రూల్స్ చెప్పేవాళ్ళలో సగం మంది 2019కి ముందు నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, కాలం చెల్లిన నిజం. బంతిని భుజం ఎత్తు నుంచి వదలమంటారు, ఇప్పుడు మోకాలి ఎత్తు నుంచి వదలాలి. వెతకడానికి అయిదు నిమిషాలంటారు, ఇప్పుడు మూడే. గ్రీన్, అంటే హోల్ చుట్టూ ఉన్న నున్నటి గడ్డి మీద నుంచి కొట్టేటప్పుడు జెండా కర్ర తీసెయ్యాలంటారు, ఇప్పుడు ఉంచినా తప్పు లేదు. పొరపాటున ఒకే ఊపులో బంతికి రెండుసార్లు తగిలితే పెనాల్టీ అంటారు, ఇప్పుడు అది ఒక్క దెబ్బ కిందే లెక్క. పెద్దవాళ్ళతో వాదించకండి. "అది మారిందట కదండీ" అని యాప్ తెరిచి చూపిస్తే గొడవుండదు. నేను ఒకసారి వాదించి, ఆ రోజంతా మాటల్లేకుండా ఆడాల్సి వచ్చింది.

మొదటి మెట్టు: పెరట్లో ముగ్గు వెయ్యండి

రూల్ నంబర్లు బట్టీ పట్టకండి. గోల్ఫ్ రూల్స్ అన్నీ నేలని బట్టి నడుస్తాయి. ఒకే పని ఒక చోట తప్పు, ఇంకో చోట ఒప్పు. అందుకని ముందు నేల నేర్చుకోవాలి.

కోర్స్ మొత్తం అయిదు ముక్కలు. ఆట మొదలుపెట్టే చోటు టీ. నీళ్ళు, వాగులు, గుంజలు పాతి గుర్తుపెట్టిన ఇబ్బంది చోట్లు పెనాల్టీ ఏరియా. ఇసుక గుంత బంకర్. మీరు ఆడుతున్న హోల్ ఉన్న నున్నటి గడ్డి గ్రీన్. మిగిలిందంతా జనరల్ ఏరియా: గడ్డి, పొదలు, చెట్లు, దారులు అన్నీ ఇందులోకే వస్తాయి. వేరే హోల్ తాలూకు గ్రీన్ కూడా పెనాల్టీ లేని మామూలు నేల కిందే లెక్క, అయితే దాని మీద నుంచి కొట్టకూడదు, ఉచితంగా పక్కకి తప్పుకోవాలి.

నేను మా పెరట్లో ముగ్గుపిండితో ఈ అయిదూ గీశాను. బావి గట్టు పక్కన ఇసుక పోసిన చోటు బంకర్, కుళాయి నీళ్ళు పారే సందు పెనాల్టీ ఏరియా, తులసి కోట ముందు అలికిన నేల గ్రీన్. మూడు వెదురు కర్రలకి రంగులేశాను: ఎరుపు, పసుపు, తెలుపు. మా ఆవిడ రెండు రోజులు నన్ను చూసి తల కొట్టుకుంది, మూడో రోజు మాత్రం తనే, "కుళాయి దగ్గర ఎర్ర కర్ర కాదు, పసుపు పెట్టు, అక్కడ పక్కకి చోటెక్కడుంది" అంది. ఆ మాటలో ఎంత అర్థముందో కింద చెప్తాను.

పని ఇంతే: రోజూ ఒక బంతిని ఆ ముగ్గులోకి విసరండి. అది ఆగిన చోటుకి వెళ్ళి ఆ ముక్క పేరు పైకి చెప్పండి. వారం రోజులు ఇదొక్కటే చెయ్యండి. చిన్నతనంగా అనిపిస్తుంది, ఫరవాలేదు.

రెండో మెట్టు: మూడు ప్రశ్నలు, ఇదే వరుసలో

బంతి ఎక్కడుంది? ఏమైంది? ఎంత పడుతుంది?

ఈ వరుస మార్చకండి. కొత్తవాళ్ళం ఎప్పుడూ మూడో ప్రశ్నతో మొదలుపెడతాం, "దీనికి పెనాల్టీ ఉందా" అని. అక్కడే తికమక. బంతి కింద ఆకు ఉంది, తీస్తుంటే బంతి కదిలింది అనుకోండి. గ్రీన్ మీదైతే పెనాల్టీ లేదు, బంతిని ఉన్న చోటే తిరిగి పెడతారు. జనరల్ ఏరియాలోనో బంకర్‌లోనో అయితే ఒక దెబ్బ పడుతుంది, అప్పుడు కూడా తిరిగి పెట్టాల్సిందే. ఆకు అదే, చెయ్యి అదే, చోటు మారింది.

మూడో ప్రశ్నకి జవాబు కూడా పెద్దగా కష్టం కాదు. నేను నా కోసం కట్టుకున్న లెక్క ఇది: ఖర్మకి ఒకటి, తప్పుకి రెండు. బంతి పోయింది, గోడ అవతల పడింది, నీళ్ళలో పడింది, ముళ్ళపొదలో ఇరుక్కుంది: ఇవన్నీ ఖర్మ, బయటపడటానికి ఒక దెబ్బ. ఇంకొకరి బంతిని కొట్టడం, పెట్టకూడని చోట నుంచి కొట్టడం, బంకర్‌లో ఇసుకని కర్రతో తట్టి చూడటం, పోటీదారుని ఏ కర్ర వాడాలని అడగటం: ఇవన్నీ తప్పులు, రెండేసి. ఇది మోటు లెక్క. ఆటలో ఉన్న మన బంతిని మనమే కాలితో తన్నేస్తే అది తప్పే అయినా ఒకటే. కానీ నూటికి తొంభై సార్లు ఈ లెక్క సరిపోతుంది, మిగిలినవి ఆడుతూ ఆడుతూ తెలుస్తాయి. దెబ్బలు లెక్కపెట్టకుండా హోల్ హోల్‌కి గెలుపోటములు చూసే మ్యాచ్ ప్లేలో అయితే, ఆ రెండు దెబ్బల తప్పుకి హోలే పోతుంది.

మా ఇంట్లో దీనికి చింతపిక్కలు వాడాం. నేను బంతి విసిరి ఒక కథ చెప్తాను: "బంతి పసుపు గుంజల్లో పడింది, దొరకలేదు." మా పెద్దమ్మాయి గుప్పిట్లోంచి సున్నా, ఒకటి, రెండు పిక్కలు ముందు పెడుతుంది. తప్పయితే ఒక పిక్క నాకు. మొదటి నెలలో నా దగ్గర కుప్పయ్యాయి, రెండో నెలకి అన్నీ దాని దగ్గరే.

మూడో మెట్టు: కర్రాబిళ్ళ కొలత

గోల్ఫ్ పుస్తకంలో అందరూ భయపడేది రిలీఫ్ అనే మాట, అంటే బంతిని ఉన్న చోటు నుంచి తీసి ఇంకో చోట వదిలే హక్కు. చిన్నప్పుడు కర్రాబిళ్ళ ఆడిన మనకి ఇది కొత్త కాదు. మా వీధిలో ఒడియా పిల్లలు దాన్నే గులిబాడి అనేవాళ్ళు. బిళ్ళ ఎంత దూరం పోయిందో ఆ కర్రతోనే కొలిచేవాళ్ళం, గుర్తుందా? గోల్ఫ్‌లోనూ కొలత కర్రదే. సంచిలో ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగు కర్ర, పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర) మాత్రం కాదు. మామూలుగా అది డ్రైవరే అవుతుంది.

ఉచితంగా తప్పుకుంటే ఒక కర్ర. పెనాల్టీ కట్టి పక్కకి జరిగితే రెండు కర్రలు. డబ్బు కట్టినవాడికి కాస్త ఎక్కువ చోటు అనుకుంటే ఇక మర్చిపోరు. ఒకటి గట్టిగా పట్టుకోండి: ఎంత కొలిచినా హోల్‌కి దగ్గరవ్వకూడదు. కర్రని గడ్డి మీద పడుకోబెట్టి, ఆ చివర ఒక టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) గుచ్చి, అర్ధచంద్రంలా చోటు ఊహించుకోండి. బంతి ఆ అర్ధచంద్రంలోనే ఆగాలి.

వదలడం మోకాలి ఎత్తు నుంచి, నిటారుగా, విసరకుండా, తిప్పకుండా, మన ఒంటికీ సంచికీ తగలకుండా. చోటు దాటి దొర్లిపోతే రెండోసారి వదలాలి. మళ్ళీ దొర్లితే, ఆ రెండోసారి నేలని తాకిన చోట చేత్తో పెట్టాలి. భుజం ఎత్తు నుంచి వదిలేశారనుకోండి, కొట్టకముందే గుర్తొస్తే ఏమీ లేదు, మళ్ళీ సరిగ్గా వదలండి. ఈ వదలడం మాత్రం పుస్తకం చదివితే రాదు. పెరట్లో యాభైసార్లు వదలండి. మోకాలికి గుర్తుండిపోతుంది.

నాలుగో మెట్టు: గుంజల రంగులు

ఇక్కడ తొందరపడకండి. నా అనుభవంలో మొదటి ఏడాది పోయే దెబ్బల్లో ఎక్కువ భాగం ఈ మూడు రంగుల దగ్గరే పోతాయి.

తెల్ల గుంజ అంటే సరిహద్దు. బంతి మొత్తం దాని అవతల ఉంటేనే బయట పడ్డట్టు, రవ్వంత లోపలున్నా ఆటలోనే. బయట పడితే ఒకే దారి: ముందు కొట్టిన చోటుకే వెనక్కి వెళ్ళి, ఒక దెబ్బ కలుపుకుని మళ్ళీ కొట్టాలి. బంతి దొరక్కపోయినా ఇదే. టీ నుంచి కొట్టింది పోయిందంటే, అది ఒకటి, పెనాల్టీ ఒకటి, ఇప్పుడు కొట్టబోయేది మూడోది. చాలామంది రెండోది అనుకుంటారు. ఇంకో సంగతి, సరిహద్దు గోడ మీ ఊపుకి అడ్డమొస్తే ఉచితంగా తప్పుకునే హక్కు లేదు. కోర్స్ లోపల ఉన్న సిమెంటు దారికి ఉంది, సరిహద్దుకి లేదు. పొలం గట్టు లాంటిది, జరపకూడదు.

వెనక్కి నడిచే శ్రమ తప్పించడానికే ప్రొవిజనల్ బంతి. మొదటిది పోయిందేమో, బయట పడిందేమో అన్న అనుమానం రాగానే, అక్కడే నిలబడి ఇంకొకటి కొట్టొచ్చు. కానీ కొట్టేముందు "ప్రొవిజనల్" అన్న మాట నోటితో పైకి అనాలి, లేదా ఇది ప్రొవిజనల్ బంతేనని ఇంకోలాగైనా స్పష్టంగా తెలియజెయ్యాలి. "ఇంకోటి కొడతాను" అంటే చాలదు. అలా అనకుండా కొడితే మొదటి బంతి దొరికినా పనికిరాదు, రెండోదే ఆట, మూడో దెబ్బగా. ఒక ఆదివారం నేను ఈ మాట అనకుండా కొట్టాను. మొదటి బంతి చెట్టు పక్కన ముత్యంలా దొరికింది. దాన్ని అలా చూస్తూ జేబులో వేసుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలియకూడదని కోరుకుంటున్నాను. మొదటిది మూడు నిమిషాల్లో దొరికితే ప్రొవిజనల్ బంతి తీసెయ్యాల్సిందే, అది ఎంత చక్కటి చోట ఉన్నా సరే. మూడు నిమిషాలు మీరు వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్క. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి.

పసుపు గుంజలకీ ఎర్ర గుంజలకీ తేడా ఒక్కటే: పక్కదారి. రెండింటిలోనూ బంతి కనిపిస్తుంటే, కొట్టడానికి వీలుంటే, పెనాల్టీ లేకుండా అక్కడి నుంచే కొట్టొచ్చు. కర్ర నేలకి, నీళ్ళకి ఆనినా ఇప్పుడు తప్పు కాదు. మొదటి రోజు నేను చెయ్యాల్సింది అదే. కొట్టలేకపోతే ఒక దెబ్బ కట్టి రెండు దారులున్నాయి. ఒకటి, ముందు కొట్టిన చోటుకి తిరిగి వెళ్ళడం. రెండోది, బంతి ఎక్కడ అంచు దాటి లోపలికి వెళ్ళిందో ఆ చోటుని, జెండాని కలుపుతూ ఒక గీత ఊహించుకుని, ఆ గీత మీద నీళ్ళకి వెనకగా ఎంత దూరమైనా వెళ్ళి వదలడం. ఎర్ర గుంజలకి మూడో దారి కూడా ఉంది: అంచు దాటిన చోటు నుంచి రెండు కర్రల లోపు పక్కన వదలొచ్చు. మా ఆవిడ కుళాయి సందుకి పసుపు అన్నది అందుకే. పక్కన గోడ ఉంది, జరగడానికి చోటేది!

గుర్తుకోసం మేం అనుకునేది: పసుపంటే పాత దారి, వెనకదారి. ఎరుపంటే వాటితోపాటు పక్కదారి.

ఒక మెలిక. బంతి నీళ్ళలో పడిందని మీకు తెలిసి ఉండాలి, లేదా పడిందని దాదాపు ఖాయంగా చెప్పగలగాలి. "పడే ఉంటుంది" అంటే కుదరదు. చుట్టూ పొదలు ఉంటే అది పొదల్లో పోయిందేమో కూడా, అప్పుడు అది దొరకని బంతి, తెల్ల గుంజ లెక్క.

ముళ్ళపొదలో, చెట్టు మొదట్లో ఇరుక్కుంటే ఎర్ర గుంజల్లాగే మూడు దారులు, ఒక దెబ్బ. కొలత బంతి ఉన్న చోటు నుంచి. కొట్టలేను అని చెప్పే హక్కు పూర్తిగా మీదే, పక్కవాళ్ళ అనుమతి అక్కర్లేదు. పెనాల్టీ ఏరియాలో మాత్రం ఇది చెల్లదు, అక్కడ గుంజల రూలే.

అయిదో మెట్టు: ఉచితంగా వచ్చేవి

కొత్తవాళ్ళు పెనాల్టీలు నేర్చుకుంటారు గానీ తమ హక్కులు నేర్చుకోరు. ఇక్కడ పుస్తకంలో 15, 16 రూల్స్ చదవండి. వెంటనే వచ్చే 17, 18, 19 డబ్బు కట్టే రూల్స్. నంబర్లు గుర్తుంచుకోవద్దన్నాను గానీ, ఈ అయిదు అంకెలు మాత్రం గుర్తుంచుకుంటే పుస్తకంలో వెతుక్కోవడం తేలిక.

మన వైపు నేలని దృష్టిలో పెట్టుకుని చెప్తాను. ఎండుటాకులు, రాలిన మామిడి పిందెలు, విరిగిపడ్డ కొమ్మ, రాళ్ళు, చీమలు తోడిపోసిన మట్టి: ఇవి ఎక్కడున్నా తీసెయ్యొచ్చు, 2019 నుంచి బంకర్‌లో కూడా. పేడ కూడా ఇదే జాబితాలో ఉంది! నేను నమ్మక రెండుసార్లు చదువుకున్నాను. కాకపోతే తీసేటప్పుడు బంతి కదిలితే గ్రీన్, టీ మీద తప్ప మిగతా చోట్ల ఒక దెబ్బ, అది మర్చిపోకండి. విడి ఇసుక, విడి మట్టి ఈ లెక్కలోకి రావు, వాటిని గ్రీన్ మీద మాత్రమే ఊడ్చొచ్చు. చెట్టుకి ఉన్న ఆకు, నేలలో పాతుకున్న రాయి అసలే కాదు. ఇక మనిషి తెచ్చి పెట్టినవి, బంకర్‌లో దంతె, నీళ్ళ సీసా, అవి వేరే జాతి. వాటిని తీస్తుంటే బంతి కదిలినా పెనాల్టీ లేదు, బంతిని మళ్ళీ దాని చోట పెట్టండి.

ఎలుక బొరియ, కుందేలు బొరియ అడ్డమైతే ఒక కర్ర ఉచితం. ఆవు గిట్టల గుంట మాత్రం బొరియ కాదు, ఎందుకంటే ఆవు దాన్ని తవ్వలేదు, తొక్కింది. మా ఎదురింటి భాయినా (ఒడియాలో అన్న అని) ఈ తేడా విని పది నిమిషాలు నవ్వాడు. వాన నీళ్ళు నిలిచిన చోటు, మరమ్మతు చేస్తున్న నేల, కదల్చలేని సిమెంటు దారి, కుళాయి మూత: వీటన్నిటికీ ఇదే హక్కు. ముందు ఆ ఇబ్బంది పూర్తిగా తప్పే అతి దగ్గరి చోటు వెతికి, అక్కడి నుంచి ఒక కర్ర కొలవాలి. అతి దగ్గరి చోటు అంటే మంచి చోటు అని కాదు. తప్పుకుంటే ముళ్ళలోకి పోవాల్సి వస్తుందేమో చూసుకున్నాకే బంతి ముట్టుకోండి. బంతి పెనాల్టీ ఏరియాలో ఉంటే వీటి నుంచి ఇలా తప్పుకునే హక్కు లేదు.

బంతి దగ్గర పాము కనిపించిందా? ధైర్యం చూపించక్కర్లేదు. ప్రమాదకరమైన జంతువు నుంచి ఉచితంగా తప్పుకునే రూల్ విడిగా ఉంది, తేనెటీగలకి కూడా. ఆగి ఉన్న బంతిని కుక్కో కోతో ఎత్తుకుపోతే, అది ఉన్నదని అంచనా వేసిన చోట ఇంకో బంతి పెట్టుకోండి, పెనాల్టీ లేదు.

బంకర్, గ్రీన్, టీ గురించి క్లుప్తంగా

బంకర్‌లో ఇసుకని పరీక్షించకూడదు. బంతికి ముందూ వెనకా కర్ర ఆనించకూడదు, ఉత్తుత్తి ఊపులో, కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుకకి తగలకూడదు. కాళ్ళు గట్టిగా ఆనించి నిలబడొచ్చు. మరీ ఇరుక్కుంటే రెండు దెబ్బలు కట్టి, బంకర్ బయటికి వెనకగా వచ్చే దారి ఉంది.

గ్రీన్ మీద బంతి వెనక నాణెం పెట్టి, బంతి ఎత్తి తుడుచుకోవచ్చు. బూట్ల మేకుల గుర్తులు సరిచెయ్యొచ్చు. పొరపాటున కాలు తగిలి బంతి కదిలితే ఏమీ లేదు. ఇద్దరి బంతులూ గ్రీన్ మీదుండగా మీరు కొట్టింది రెండో బంతికి తగిలితే మాత్రం, దెబ్బలు లెక్కపెట్టే ఆటలో మీకు రెండు, కాబట్టి అడ్డమొచ్చేదాన్ని గుర్తుపెట్టి తియ్యమనండి.

టీ దగ్గర రెండు గుర్తుల మధ్య, వాటి వెనక రెండు కర్రల లోతులో ఎక్కడైనా బంతి పెట్టొచ్చు. ముందుకు మాత్రం రాకూడదు. కొట్టే ఉద్దేశం లేకుండా కర్ర తగిలి బంతి టీ మీద నుంచి పడితే లెక్క లేదు. కొట్టాలని ఊపి గాలిని కొడితే అది ఒక దెబ్బే. ఎవరూ చూడకపోయినా.

ఆరో మెట్టు: మర్చిపోకుండా ఉండటానికి కథలు

పిక్కల ఆట రెండు నెలలకి విసుగు పుట్టింది. అప్పుడు కథలు పట్టుకున్నాను. ఒక పెద్ద ఆటగాడికి జరిగిన నష్టంతో కట్టేసిన రూల్ బుర్రలోంచి పోదు.

సంచిలో 14 కర్రలకి మించి ఉండకూడదన్న రూల్‌కి నా దగ్గర ఇయాన్ వూస్నమ్ ఉన్నాడు. 2001 ఓపెన్ ఛాంపియన్‌షిప్ చివరి రోజు, రాయల్ లిథమ్‌లో మొదటి హోల్ రెండు దెబ్బల్లో ముగించాడు. రెండో హోల్ టీ మీదికి వెళ్ళాక సంచిలో 15వ కర్ర బయటపడింది. రెండు దెబ్బల పెనాల్టీ, అంత చక్కటి రెండు కాస్తా నాలుగైపోయింది. నేను ఇప్పటికీ ఇంట్లో బయల్దేరే ముందు కర్రలు వేళ్ళ మీద లెక్కపెడతాను.

బంకర్ ఇసుకకి డస్టిన్ జాన్సన్. 2010లో విజ్లింగ్ స్ట్రెయిట్స్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్ చివరి హోల్‌లో, తను నిలబడ్డది బంకర్ అని అనుకోలేదు, జనం తొక్కిన ఇసుక నేల అనుకుని కర్ర ఆనించాడు. రెండు దెబ్బలు పడ్డాయి, ప్లేఆఫ్ (స్కోర్లు సమానమైతే విజేతని తేల్చే అదనపు ఆట) ఆడే అవకాశం పోయింది. మన మొదటి ప్రశ్న గుర్తుందా, బంతి ఎక్కడుంది?

స్కోర్‌కార్డుకి రోబెర్టో డి విసెంజో. 1968 మాస్టర్స్ పోటీలో 17వ హోల్ మూడు దెబ్బల్లో ముగించాడు. అతని స్కోరు రాస్తున్న తోటి ఆటగాడు నాలుగని వేశాడు. చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఎక్కువ రాసి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయం, దాంతో ప్లేఆఫ్‌కి కూడా వెళ్ళకుండా బాబ్ గోల్బీకి ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఒక హోల్‌కి తక్కువ రాసి సంతకం పెడితే ఇంకా ఘోరం, పోటీ నుంచే తీసేస్తారు. ఆ తక్కువ, మీకు తెలియని పెనాల్టీ కలపకపోవడం వల్ల వచ్చిందైతే మాత్రం తీసెయ్యరు, ఆ పెనాల్టీ కలిపి సరిచేస్తారు.

మీ సొంత తప్పులు కూడా ఇలాంటి కథలే. నా దగ్గర ఒక వంద పేజీల నోటుబుక్కు ఉంది. ప్రతి ఆట తర్వాత రైల్లో ఆ రోజు నాకు తెలియక ఆగిపోయిన చోటు ఒక్కటే రాస్తాను, తెలుగులో, నా మాటల్లో. ఒక్కటి కంటే ఎక్కువ రాయను. ఇంటికొచ్చాక రూల్ వెతికి దాని కింద నంబరు వేస్తాను. మన మాటల్లో రాసుకోవడమే ఇందులో కిటుకు. ఇంగ్లీషు వాక్యం కళ్ళకి గుర్తుంటుంది, తెలుగు వాక్యం నోటికి గుర్తుంటుంది.

కోర్స్‌లో నిలబడ్డాక తెలియకపోతే

ఇన్ని చేసినా ఒక రోజు వస్తుంది, బంతి ముందు నిలబడి ఏం చెయ్యాలో తోచదు. దెబ్బలు లెక్కపెట్టే ఆటలో దానికీ ఒక రూల్ ఉంది, అది తెలిస్తే మిగతా అన్ని రూల్స్ పట్ల ఉన్న టెన్షన్ సగం తగ్గుతుంది. అనుమానం వచ్చిన చోట, ఇంకో దెబ్బ కొట్టకముందే, స్కోరు రాసే మనిషితో "నేను ఈ హోల్ రెండు బంతులతో పూర్తి చేస్తాను, రూల్ ఒప్పుకుంటే ఫలానా బంతి నాది" అని చెప్పండి. ఏ బంతో ముందే చెప్పాలి. రెండింటితోనూ హోల్ పూర్తి చేసి, కార్డు ఇచ్చే ముందు పోటీ నడిపే కమిటీకి విషయం చెప్పండి. రెండు బంతులకీ ఒకే స్కోరు వచ్చినా చెప్పాల్సిందే, చెప్పకపోతే పోటీ నుంచి తీసేస్తారు. మ్యాచ్ ప్లేలో ఇది కుదరదు.

పోటీ లేని రోజైతే పక్కవాణ్ణి అడగండి. రూల్ అడగటం సలహా అడగటం కిందికి రాదు, దూరం అడిగినా అంతే. ఏ కర్ర తియ్యమంటావు అని అడిగితేనే రెండు పడతాయి.

ఆడే ముందు కార్డు వెనక రాసి ఉన్న ఆ కోర్స్ సొంత రూల్స్ చదవండి. కొన్ని చోట్ల బంతి పోతే వెనక్కి నడవకుండా, రెండు దెబ్బలు కట్టి ముందుకే వదిలే వీలు ఇస్తారు, అది ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. బంతి మీద పెన్నుతో మీ గుర్తు వేసుకోండి, నాది తెలుగు 'ర'. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే నంబరు అయితే ఎవరిదేదో తేల్చుకోలేక రెండూ పోయినట్టే అవుతాయి. సంచిలో చిన్నది ఒక పెన్సిలు, నాలుగు టీలు, ఒక నాణెం, ఫోన్‌లో ఆ యాప్.

పోయిన డిసెంబరులో అదే మూడో హోల్, అదే కాలవ. బంతి మళ్ళీ ఎర్ర గుంజల లోపలే ఆగింది, గట్టు మీద, సగం గడ్డిలో. బావ దూరం నుంచి, "ఏం చేస్తావోయ్?" అని అరిచాడు. నేను కాలవలోకి దిగాను. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.